పార్కర్ రోడ్ లైట్ రైలు స్టేషను, దాని పార్కింగ్ లాట్ విషయమై సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానం

టెక్సాస్ రాష్ట్రంలోని ప్లేనో నగరంలోనూ, ఇరుగుపొరుగున ఉన్న రిచర్డ్‌సన్, ఆలెన్, ఫ్రిస్కో, మెకిన్నీ పట్టణాల్లోనూ ఉంటున్న తెలుగు కుటుంబాల సర్వసభ్య సమావేశం, కార్యవర్గం ముందుగా పంచిన ముసాయిదాను చదివి, చర్చించి, రెండు సవరణలతో ఈ తీర్మానాన్ని ఆమోదించింది. మన సంఘం ఇంతవరకూ ఉగాది ఏర్పాట్లకు, పిల్లల తెలుగు తరగతులకు, ఆపదలో పడ్డ కుటుంబాలకు విరాళాల సేకరణకు తీర్మానాలు చేసింది. ఊరి రవాణా గురించి చేయడం ఇదే మొదటిసారి. ఎందుకు చేయవలసి వచ్చిందో చెప్పుకోవాలి కాబట్టి పీఠిక కొంచెం పొడుగైంది.

ప్లేనో తూర్పు భాగంలో, కె అవెన్యూ దగ్గర, పార్కర్ రోడ్ స్టేషన్ 2002 డిసెంబరు 9న మొదలైంది. డార్ట్ అని మనమంతా పిలిచే డాలస్ ఏరియా రాపిడ్ ట్రాన్సిట్ సంస్థ నడిపే రెడ్ లైన్‌కు ఉత్తరాన ఇదే చివరి స్టేషను. ఇక్కడ ఎక్కితే బండి రిచర్డ్‌సన్ మీదుగా వెళ్ళి, మాకింగ్‌బర్డ్ దాటాక సొరంగంలోకి దిగి, సిటీప్లేస్ దగ్గర నేల కింద ఆగి, డాలస్ నడిబొడ్డున వీధుల మధ్యకి వస్తుంది. స్టేషనంటే పెద్ద భవనమేమీ లేదు. నీడ కప్పిన ప్లాట్‌ఫారం, టికెట్ మిషన్లు, బస్సులు వచ్చి తిరిగే చోటు, చుట్టూ 1,500కు పైగా కార్లు పట్టే తారు మైదానం. అంతే. కానీ మైళ్ళ కొద్దీ ఇళ్ళే తప్ప ఇంకేమీ కనబడని ఈ ప్రాంతంలో ఆ తారు మైదానం లేకపోతే ఆ ప్లాట్‌ఫారం ఉండీ లేనట్టే. ఇంటి దగ్గర కారెక్కి పది నిమిషాల్లో అక్కడికి చేరి, కారు వదిలి, బండెక్కి ఆఫీసుకు పోయే పద్ధతి మీదే ఇక్కడ ఇరవై ఏళ్ళకు పైగా చాలా కుటుంబాలు బతికాయి.

ఈ దారిలో కరెంటు బండి నడవడం 2002లో కొత్త కాదన్న సంగతిని సభ ప్రత్యేకంగా గుర్తు చేసుకుంటున్నది. పార్కర్ రోడ్‌కు ఒక్క స్టేషను దక్షిణాన, డౌన్‌టౌన్ ప్లేనోలో, 1908లో కట్టిన ఇటుకల స్టేషను ఇప్పటికీ ఉంది. ఇప్పుడది మ్యూజియం. ఆ ఏడాదే డాలస్, షెర్మన్ ఊళ్ళ మధ్య ఇంటర్‌అర్బన్ అనే ఎలక్ట్రిక్ రైలు ప్లేనో మీదుగా మొదలైంది. కార్లు పెరిగాయి, రోడ్లు వెడల్పయ్యాయి, ఎక్కేవాళ్ళు తగ్గారు. 1948 డిసెంబరు 31న ఆఖరి బండి నడిచింది. మళ్ళీ ప్లేనోకు కరెంటు బండి రావడానికి 54 ఏళ్ళు పట్టింది. పిల్లల్ని ఆ మ్యూజియానికి తీసుకువెళ్ళి పాత పెట్టెలో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్న వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఈసారి బండి పోతే తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 2025 నవంబరు 5న ప్లేనో నగర మండలి, డార్ట్ నుంచి వైదొలగాలా వద్దా అన్న ప్రశ్నను ఓటర్ల ముందు పెట్టాలని నిర్ణయించింది. నగర మండలి బాధను సభ కాదనడం లేదు. 2023 ఆర్థిక సంవత్సరపు లెక్కల ప్రకారం ప్లేనో నుంచి డార్ట్‌కు వెళ్ళిన పన్ను సుమారు 10.9 కోట్ల డాలర్లు, ప్లేనో సేవలకు ఖర్చయినది సుమారు 4.4 కోట్లు. ఇంత తేడా ఉన్నప్పుడు ఏ ఇంటి యజమాని అయినా అడుగుతాడు. అడగడం న్యాయమే. అయితే టెక్సాస్ చట్టం ప్రకారం ఒక నగరం వైదొలిగితే ఓట్ల ఫలితం ఖరారైన మర్నాటి నుంచే అక్కడ సేవ ఆగిపోతుంది. పన్ను మాత్రం ఆ నగరం వాటాకు వచ్చిన పాత అప్పు తీరేదాకా వసూలవుతూనే ఉంటుంది. అంటే కొన్నేళ్ళు బండి ఉండదు, బండి డబ్బు మాత్రం కడుతూ ఉంటాం. ఈ సంగతి ముసాయిదా చదివేదాకా మనలో చాలామందికి తెలియదని సమావేశంలోనే తేలింది.

ఆ పన్ను మనం ఎలా కడుతున్నామో కూడా రాసుకోవాలి. ప్లేనోలో 100 డాలర్ల వస్తువు కొంటే 8 డాలర్ల 25 సెంట్లు సేల్స్ ట్యాక్స్ పడుతుంది. అందులో 6 డాలర్ల 25 సెంట్లు రాష్ట్రానికి, ఒక డాలరు నగరానికి, మిగిలిన ఒక డాలరు డార్ట్‌కు. బియ్యం, కందిపప్పు మీద ఈ పన్ను లేదు. వాటిని వండే ప్రెషర్ కుక్కరు మీద ఉంది. ఇంటి నుంచి వచ్చిన అమ్మకు కొన్న నడక బూట్ల మీద ఉంది. ఈ పన్నుకు పౌరసత్వంతో పనిలేదు, వీసాతో పనిలేదు. ఓటుకు మాత్రం ఉంది. మన సభ్యుల్లో హెచ్-1బి మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో ఉన్నవారు ఎందరో. 1983లో ఈ ప్రాంత ఓటర్లు డార్ట్‌ను ఏర్పరచినప్పుడు మనం ఇక్కడ లేము. ఇప్పుడు ఉన్నా బ్యాలెట్ మీద గుర్తు పెట్టే హక్కు చాలామందికి లేదు. పన్ను కడుతూ, బండి ఎక్కుతూ, ఓటు లేకుండా ఉన్నవారి మాట ఎక్కడైనా నమోదు కావాలంటే ఇలాంటి తీర్మానమే దారి. సమావేశం పిలవడానికి మొదటి కారణం ఇదే.

రెండవ కారణం మన పెద్దవాళ్ళు.

నెల్లూరు డిపోలో ఆర్టీసీ కండక్టరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కొడుకు దగ్గరికి ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చారు. వచ్చిన మూడో రోజున అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఏరా, ఇక్కడ బస్టాండు యాడుంది?’’ కొడుక్కి ఏం చెప్పాలో తోచలేదు. పగలు కొడుకూ కోడలూ పనిలో, మనవలు బడిలో. ఇల్లు దాటి నడిస్తే ఒకే రకం ఇళ్ళు, ఒకే రకం పచ్చిక, ఒక్క మనిషి కనపడడు. మాట్లాడే తోడు లేదు, టీ కొట్టు లేదు, బల్ల మీద పడేసిన పేపరు లేదు. రెండు వారాలకే ఆయన తిరుగు టికెట్ ముందుకు జరపమని అడిగారు. అప్పుడొక శనివారం కొడుకు ఆయన్ను పార్కర్ రోడ్ స్టేషన్‌కు తీసుకువచ్చాడు. లాట్‌లో కారు దిగి, పసుపూ తెలుపూ రంగుల బండి వచ్చి ఆగడం చూసి, ఆయన ముందుగా చొక్కా జేబులోంచి డైరీ తీశారు. మొదటి బండి ఎన్నింటికి, ఆఖరి బండి ఎన్నింటికి, ఎంతసేపటికి ఒకటి, ఆదివారం ఎలా, అన్నీ రాసుకున్నారు. ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళడానికి గేటు లేకపోవడం ఆయన మనసుకు పట్టలేదు. మిషన్ దగ్గరికి వెళ్ళి టికెట్ చేతికి వచ్చేదాకా కదలలేదు. 65 దాటినవారికి చార్జీ తక్కువని తెలిశాక దాన్నీ రాసుకున్నారు.

ఆ తరవాతి వారం నుంచి కొడుకు ఆఫీసుకు వెళ్ళే దారిలో ఆయన్ను స్టేషన్ దగ్గర దించేవాడు. ఆయన ఏకార్డ్ స్టేషన్‌లో దిగి, నడిచి కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి, పేపర్లు చదివి, తెచ్చుకున్న పులిహోర తిని, మూడు గంటల బండికి వెనక్కి వచ్చేవారు. ఆయన వెంట ఇంకొకరు, తరవాత ఇంకో ఇద్దరు. తిరుగు టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన ఈ సమావేశానికి వచ్చి, మైకు అక్కరలేకుండా మాట్లాడి, డైరీ తెరిచి టైములు చదివి వినిపించారు. కారు నడపని మనిషికి పార్కింగ్ లాట్‌తో పనేమిటని అడిగేవారికి ఆయన కథే జవాబుగా సభ నమోదు చేస్తున్నది: కారు నడిపేవారు కారు నడపనివారిని తెచ్చి దించేది ఆ లాట్‌లోనే.

ముసాయిదాలో ‘పెద్దవారి కోసం’ అని మాత్రమే ఉండగా, ఒక సోదరి లేచి, ఈ ఊరికి వచ్చాక కాగితాలు కుదిరి లైసెన్సు చేతికి రావడానికి తనకు నెలల తరబడి పట్టిందనీ, ఆ నెలలన్నీ తానూ ఆ పెద్దాయనలాగే కిటికీ దగ్గర కూర్చున్నాననీ చెప్పారు. కారు కొనే స్తోమత లేని విద్యార్థుల మాటను మరొకరు కలిపారు. 2025 అక్టోబరులో సిల్వర్ లైన్ మొదలయ్యాక రిచర్డ్‌సన్‌లోని యు.టి. డాలస్ దగ్గరికి రైలు వచ్చింది. అక్కడ చదివే మన పిల్లలు 12వ వీధి స్టేషన్‌లో బండి మారి రెడ్ లైన్ అందుకోగలరు. రెండు సవరణలూ ఒప్పుకొని, ఈ తీర్మానంలో ‘పెద్దవారు’ అన్న చోటల్లా వీరందరూ ఉన్నట్టే చదువుకోవాలని సభ నిర్ణయించింది.

ఇక మన వైపు లోపం గురించి. ఆలెన్, ఫ్రిస్కో, మెకిన్నీ నగరాలు డార్ట్‌లో లేవు. ప్లేనోలో డాలరుకు ఒక సెంటు చొప్పున డార్ట్‌కు పోయే ఆ వాటాను అవి రెండు అరసెంట్లుగా చేసి ఆర్థికాభివృద్ధికి, పార్కుల వంటి ఊరి సౌకర్యాలకు వాడుకుంటాయి. అది వాటి ఇష్టం. కానీ ఆ ఊళ్ళలో ఉన్న మన సభ్యులు పొద్దున్నే కారేసుకుని వచ్చి ప్లేనో వారి లాట్‌లో ఉచితంగా పెట్టి బండెక్కుతున్నారన్నది నిజం. 2012లో డార్ట్ బయటి ఊళ్ళ వారికి ఇక్కడ పార్కింగ్ రుసుము ప్రయోగాత్మకంగా పెట్టింది. రెండేళ్ళ తరవాత మానుకుంది. అప్పట్లో మనవాళ్ళు గొణిగిన వారే గానీ, ఎందుకు పెట్టారో ఆలోచించినవారు తక్కువ. అంతకంటే బాధాకరమైన విషయం ఒకటుంది: ఇండియా వెళ్తూ కారును మూడు వారాలు ఆ లాట్‌లో వదిలేసే అలవాటు మనలో కొందరికి ఉంది. రోజూ వచ్చే ప్రయాణికుడి చోటు అది. దాన్ని సొంత షెడ్డు చేసుకోవడం తప్పు.

2020కి ముందు ఉదయం ఏడున్నర దాటితే లాట్‌లో చోటు వెతుక్కున్న రోజులు మన సభ్యులకు గుర్తున్నాయి. ఇంటి నుంచి పని వచ్చాక ఆ రద్దీ తగ్గింది. ఖాళీగా కనిపించే నేల మీద ఇళ్ళు కట్టవచ్చు కదా అన్న మాట ఇలాంటి చోట్ల ఎక్కడైనా వస్తుంది, ఇక్కడా వస్తుంది. దాన్ని ఈ సభ వ్యతిరేకించదు. తారును కాపాడటం మన ఉద్దేశం కాదు, స్టేషనును కాపాడటం. ప్లాట్‌ఫారానికి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇల్లుంటే నెల్లూరు పెద్దాయనను దించడానికి కారే అవసరం ఉండదు. కాకపోతే కట్టేవారు లాట్‌ను ఏ రోజు చూసి లెక్క వేశారన్నది ముఖ్యం. మంచు పడి రోడ్లు జారే రోజు, డౌన్‌టౌన్‌లో జనం పోగయ్యే పండగ రోజు చూస్తే ఒక లెక్క, శుక్రవారం మధ్యాహ్నం చూస్తే ఒక లెక్క.

ఈ అంశాలన్నీ పరిగణనలోకి తీసుకుని ఈ సభ ఈ విధంగా తీర్మానిస్తున్నది.

ప్లేనో నగరానికీ డార్ట్‌కూ మధ్య పన్ను వాటాల లెక్క ఏ రూపంలో తేలినా, పార్కర్ రోడ్ స్టేషన్‌కు రెడ్ లైన్ బండి వారంలో ఏడు రోజులూ నడవాలని, ఆ హామీ ఏ ఒప్పందంలోనైనా ముందు వాక్యంగా ఉండాలని సభ ఇరు పక్షాలనూ కోరుతున్నది. బండి ఆపి డబ్బు మిగుల్చుకునే ఏ ప్రతిపాదనకూ ఈ సభ మద్దతు ఇవ్వదు. ఓటు హక్కు ఉన్న సభ్యులు ఎలా ఓటు వేయాలో సంఘం చెప్పదు. సేవ ఎప్పుడు ఆగుతుంది, పన్ను ఎప్పటిదాకా ఉంటుంది అన్న రెండు విషయాలు మాత్రం ప్రతి సభ్య కుటుంబానికీ తెలుగులో ఒక పేజీగా రాసి పంపుతుంది.

లాట్‌లో ఏ భాగంలోనైనా నిర్మాణం జరిగితే, ప్లాట్‌ఫారానికి దగ్గరి వరసలు పెద్దవారికి, నడవలేనివారికి, దించి వెళ్ళే కార్లకు వదలాలని సభ కోరుతున్నది. దించే చోటు నుంచి ప్లాట్‌ఫారం దాకా ఎడతెగని నీడ ఉండాలి. జులై, ఆగస్టుల్లో ఇక్కడ ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. అప్పుడా తారు మీద చెప్పుల్లోంచి కూడా సెగ తగులుతుంది. లాట్ చివరి వరసలో దిగిన డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ నాలుగు నిమిషాల నడకే ప్రయాణంలో కష్టమైన భాగం. కనీసం రెండు చోట్ల వీపు ఆనించుకునే బెంచీలు కావాలి. చెట్లు నాటడానికి నగరం ఒప్పుకుంటే మొక్కల ఖర్చు, మొదటి రెండు వేసవులు నీళ్ళు పోసే పని మన సంఘం తీసుకుంటుంది. కట్టే ఇళ్ళలో కొన్ని వయసు మళ్ళినవారి కోసం, వారు భరించగల అద్దెకు ఉండాలి.

డార్ట్‌లో లేని ఊళ్ళలో ఉంటున్న సభ్యులు, తమ ఊరివారికి న్యాయమైన పార్కింగ్ రుసుము మళ్ళీ పెడితే వ్యతిరేకించబోమని ఈ సభలో మాట ఇచ్చారు. తమ నగర మండలులను కలిసి, పూర్తి సభ్యత్వం కాకపోయినా స్టేషన్ దాకా ఒక బస్సు నడపడానికి డార్ట్‌తో మాట్లాడమని అడుగుతారు. దూర ప్రయాణాలకు కార్లు వారాల తరబడి లాట్‌లో వదిలే అలవాటును సభ ఖండిస్తున్నది. విమానాశ్రయానికి దించే పని కావలసినవారు సంఘం వాట్సాప్ బృందంలో అడగాలి. తోటి కుటుంబం తప్పక వస్తుంది.

గేటు లేదని టికెట్ లేకుండా ఎక్కడం మన ఇంటా వంటా ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం పెద్దాయన పట్టుబట్టి చేర్పించారు.

ప్రతి నెలా మొదటి శనివారం ఉదయం 9 గంటలకు సంఘం స్వచ్ఛంద సేవకులు టికెట్ మిషన్ల దగ్గర ఉంటారు. టికెట్ కొనడం, ఫోనులో గోపాస్ యాప్ వాడటం, ఇంటి దగ్గరికి వచ్చే గోలింక్ బండిని పిలుచుకోవడం, తప్పు స్టేషన్‌లో దిగితే ఏం చేయాలో తెలుగులో నేర్పి, కొత్తవారిని ఒకసారి డౌన్‌టౌన్ దాకా తీసుకువెళ్ళి తీసుకువస్తారు. పార్కర్ రోడ్ నుంచి డౌన్‌టౌన్ దాకా స్టేషన్ల పేర్లు పెద్ద తెలుగు అక్షరాల్లో, వెనక ఇంటి చిరునామా, ఫోను నంబరు రాసుకునేలా ఒక కార్డు అచ్చు వేయించడానికి కోశాధికారికి అనుమతి ఇవ్వడమైనది. జేబులో పట్టే కొలతలో, వానకు తడిసినా చిరగని కాగితం మీద వేయించాలి.

కె అవెన్యూలోని నగర భవనంలో మండలి సమావేశమైనప్పుడు ప్రజలు మాట్లాడే సమయంలో మన సభ్యులు వంతుల ప్రకారం వెళ్ళాలి. మొదట మాట్లాడేది ఓటు లేనివారే కావాలని సభ కోరుతున్నది. పెద్దవారు తెలుగులోనే మాట్లాడతారు. పక్కన మనవడో మనవరాలో నిలబడి ఇంగ్లీషులో చెబుతారు. ఇందుకు ముగ్గురు పిల్లలు ఇప్పటికే పేర్లు ఇచ్చారు.

చర్చలో ఫ్రిస్కో నుంచి వచ్చిన ఒక సభ్యుడు విభేదించారు. తమ ఊరి సెంటు పార్కులు, గ్రంథాలయం, ఉద్యోగాల రూపంలో కంటికి కనిపిస్తోందనీ, కొద్దిమంది ఎక్కే బండికి అంత డబ్బు పెట్టడం సరికాదనీ, సంఘం ఇలాంటి విషయాల్లోకి దిగడం కూడా మంచిది కాదనీ ఆయన అభిప్రాయం. ఆయన కోరిక మేరకు ఆ అభిప్రాయాన్ని యథాతథంగా నమోదు చేయడమైనది. రుసుము గురించిన భాగానికి మాత్రం ఆయనా చేయి ఎత్తారు.

తీర్మానం మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది. దీని ఇంగ్లీషు అనువాదాన్ని ఇద్దరు సభ్యులు రెండు వారాల్లో తయారు చేయాలి. తెలుగు మూలంతో కలిపి ప్లేనో నగర మండలికి, డార్ట్ పాలకమండలికి, ఆలెన్, ఫ్రిస్కో, మెకిన్నీ నగర మండలులకు స్వయంగా అందజేయాలి, పోస్టులో పంపితే సరిపోదు. మొదటి శనివారానికి కారు ఉన్న ప్రతి కుటుంబం తమ వాళ్ళతో పాటు పొరుగింటి పెద్దవారిని ఒకరినైనా తీసుకురావాలి. బండి టైముల పట్టిక పెద్దాయన డైరీలోంచి ఎత్తి రాసి, ఆ వారం మారినవేమైనా ఉంటే సరిచూసి, ముందు రోజు సాయంత్రానికి కార్యదర్శి అందరికీ పంపాలి.